సీక్‌పీ చేసినా రెండో తూకం ఫైలు చివరికే పోతోంది (సీ ప్లస్ ప్లస్, విండోస్ 10)

కాటా గుమాస్తా

అందరికీ నమస్కారమండి. మాది మండపేట దగ్గర. రైసు మిల్లులో కాటా దగ్గర కూర్చుంటాను. డిగ్రీలో సీ ప్లస్ ప్లస్ చదివానని మా ఓనరుగారికి ఎవరో చెప్పారు, ఇక అంతే. "చీటీలు చేత్తో రాయడం ఎందుకురా, కంప్యూటర్లో పెట్టెయ్" అన్నారు. కాటాతో పాటు వచ్చిన సాఫ్ట్‌వేరు ఒకటుంది గానీ దాని డాంగిల్ (సాఫ్ట్‌వేరుకి తాళంచెవి లాంటి పరికరం) పాడైంది. కొత్తదానికి వాళ్లు చెప్పిన రేటు విని ఓనరుగారు ఫోను పెట్టేశారు.

కాటా సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తాను. లారీ లోడుతో వచ్చి కాటా ఎక్కుతుంది, అది గ్రాసు. ధాన్యం దించాక ఖాళీగా మళ్లీ ఎక్కుతుంది, అది టేరు. తేడా నెట్టు. ఈ రెండు తూకాల మధ్య గంట పట్టొచ్చు, హమాలీలు భోజనానికి లేస్తే ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఈలోపు వెనకున్న లారీలు కూడా ఎక్కేస్తాయి. అందుకని మొదటి తూకానికి ఒక రికార్డు రాసేసి, ఆ లారీ ఖాళీగా వచ్చినప్పుడు అదే రికార్డు దగ్గరికి వెనక్కెళ్లి టేరు నింపాలి.

రికార్డులో ఉన్నవి ఇవీ: చీటీ నంబరు (ఇంట్, అంటే 4 బైట్ల అంకె), లారీ నంబరు (క్యార్ 11, పది అక్షరాలు, చివర ఒక సున్నా), గ్రాసు (ఇంట్), టేరు (ఇంట్), వచ్చిన టైము, వెళ్లిన టైము (రెండూ 64 బిట్లవి). సైజాఫ్ (రికార్డు ఎన్ని బైట్లో చెప్పేది) అడిగితే 40 బైట్లంటోంది. చీటీలు పాత పుస్తకం ఆగిన చోటి నుంచి, 4131 నుంచి మొదలుపెట్టాను.

ఎఫ్‌స్ట్రీమ్‌ని (ఫైలు చదివి రాసే క్లాసు) ఇన్ (చదవడం), అవుట్ (రాయడం), అపెండ్ (చివర చేర్చడం) మూడూ పెట్టి తెరిచాను. లారీ నంబరుతో వెతుకుతాను, దొరికిన రికార్డు ఎన్నోదో చూసి సీక్‌పీతో (రాసే చోటుని జరిపేది) దాన్ని 40తో హెచ్చించిన చోటుకి వెళ్తాను, టేరు నింపిన రికార్డు మొత్తం రాస్తాను. ఎర్రరేమీ రావట్లేదు. కానీ రికార్డు పాత చోట మారట్లేదు, ఫైలు చివర కొత్తగా ఇంకోటి చేరుతోంది. ఒకే లారీకి రెండు చీటీలు! టెల్‌పీ (రాసే చోటు ఎక్కడుందో చెప్పేది) వేసి చూశాను, సీక్ అయ్యాక సరైన నంబరే చూపిస్తోంది. మరి రాసేటప్పుడు చివరికెందుకు పోతోందండి?

క్యూబికల్ జీవి

బ్రో, ఈ రోజుల్లో ఫైలులో బైట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం ఏంటి? ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైలులో ఉండే చిన్న డేటాబేస్) పెట్టుకో. ఒక టేబులు, ఒక అప్‌డేట్ స్టేట్‌మెంటు, అయిపోయింది. ఇన్‌స్టాల్ చెయ్యడానికి కూడా ఏమీ ఉండదు, ఒక సీ ఫైలు నీ ప్రాజెక్టులో కలుపుకుంటే చాలు.

నల్లగొండ పోరడు

ఆయన అడిగిందొకటి, నువ్వు చెప్పిందొకటి. డేటాబేస్ సంగతి తర్వాత చూద్దాం తియ్.

అన్నా, లొల్లంతా నీ అపెండ్ మోడ్‌తోనే. అట్ల తెరిస్తే ప్రతిసారి రాసే ముంగట రన్‌టైమే (ప్రోగ్రాం వెనుక పనిచేసే లైబ్రరీ) పాయింటర్‌ని ఫైలు చివరికి గుంజుకపోతది. నువ్వు సీక్‌పీ చేసినవ్, అది ఆ జాగకు పోయింది, టెల్‌పీ కూడా అదే చెప్పింది. అబద్ధమేం లేదు. కానీ రైట్ కొట్టంగనే మళ్ల చివరికి. సీక్ అన్నది చదివేటానికే పనికొస్తది ఆ మోడ్‌ల, రాసేటానికి కాదు.

అపెండ్ తీసేసి ఇన్, అవుట్ రెండే పెట్టు. రెండు జాగర్తలు. ఒకటి, ఇన్ మర్చిపోయి ఉత్త అవుట్ పెడితే ఫైలుల ఉన్నదంతా తుడిచిపెట్టుకపోతది. నీ సీజను లెక్కలు పాయె. రెండు, ఇన్, అవుట్ కలిపి పెట్టినప్పుడు ఫైలు లేకుంటే అది కొత్తగ తయారు చెయ్యదు, తెరుచుడే ఫెయిలయితది. మొట్టమొదటిసారి మాత్రం ఉత్త అవుట్‌తోని ఒక ఖాళీ ఫైలు చేసి మూసెయ్యి. కొత్త లారీ వచ్చినప్పుడు సీక్‌పీ సున్నా, ఎండ్ అని చివరికి పోయి రాయి.

ఇంకోటి. రికార్డు చదివినంక పాయింటర్ ఆ రికార్డు మీద ఉండది, దాని అవతల ఉంటది. చదివేటందుకు సీక్‌జీ, రాసేటందుకు సీక్‌పీ అని పేర్లు రెండున్నయి కానీ ఫైలుకు ఉన్న పొజిషన్ ఒక్కటే. ఒకదాన్ని జరిపితే రెండోది జరుగుతది. స్ట్రింగ్‌స్ట్రీమ్‌ల మాత్రం రెండు వేరు వేరు, ఆడ అలవాటైనోళ్లు ఈడ బోర్లపడతరు. కాబట్టి చదివినంక రాసే ముంగట మళ్ల సీక్‌పీ చెయ్యాల్సిందే.

కాటా గుమాస్తా

నల్లగొండ అన్నకి దండం. అపెండ్ తీసేశాక టేరు సరైన చోటే పడుతోంది.

కానీ కొత్త తంటా వచ్చిందండి. లారీ నంబరు సరిగ్గా కొడితే దొరుకుతోంది. ఒక్కసారి తప్పు నంబరు కొట్టాననుకోండి, "లేదు" అంటుంది. సరే, నిజంగానే లేదు కదా. ఆ తర్వాత సరైన నంబరు కొట్టినా "లేదు", ఏది కొట్టినా "లేదు". ప్రోగ్రాం మూసి తెరిస్తే మళ్లీ మామూలు. వెతికే ముందు ప్రతిసారీ సీక్‌జీ సున్నా అని మొదటికి తీసుకొస్తూనే ఉన్నాను. కాటా మీద లారీ పెట్టుకుని డ్రైవరు హారను కొడుతుంటే నేను ప్రోగ్రాం మూసి తెరుస్తున్నాను, సిగ్గుగా ఉంది.

క్యూబికల్ జీవి

సీక్‌జీ ముందు క్లియర్ కొట్టాలని పాత పుస్తకాల్లో ఉంటుంది. సీ ప్లస్ ప్లస్ 11 (2011 నాటి స్టాండర్డు) నుంచి అక్కర్లేదు, సీక్‌జీయే ఎండాఫ్ ఫైల్ బిట్టు (ఫైలు అయిపోయిందనే గుర్తు) చెరిపేస్తుంది. నీ కంపైలరు పాతదేమో చూడు, లేదా 11 స్టాండర్డు ఫ్లాగు పెట్టు.

పాత టర్బో

క్యూబికల్ తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, అదే ప్రమాదం. కంపైలరు మార్చినా గుమాస్తాగారి "లేదు" అలాగే ఉంటుంది.

స్ట్రీముకి ఎండాఫ్ ఫైల్ బిట్టు వేరు, ఫెయిల్ బిట్టు వేరు. రీడ్‌ని 40 బైట్లు అడిగారు. ఫైలు చివర ఇక బైట్లు లేవు. అప్పుడు రీడ్ ఎండాఫ్ ఫైల్ బిట్టు ఒక్కటే పెట్టి ఊరుకోదు, అడిగినన్ని ఇవ్వలేకపోయాను కాబట్టి ఫెయిల్ బిట్టు కూడా పెడుతుంది. 11లో వచ్చిన మార్పు ఏమిటంటే సీక్‌జీ ముందుగా ఎండాఫ్ ఫైల్ బిట్టుని చెరుపుతుంది. ఫెయిల్ బిట్టుని ముట్టుకోదు. ఆ తర్వాత "ఫెయిల్ ఉందా?" అని చూస్తుంది. ఉంటే అంగుళం కూడా జరగదు, చడీచప్పుడు లేకుండా వెనక్కి వచ్చేస్తుంది. ఎర్రరూ రాదు, ఎక్సెప్షనూ రాదు. మీ లూపు మొదటి రీడ్‌కే ఆగిపోతుంది, మీరు "లేదు" అని చూపిస్తారు.

కాబట్టి వెతికే ఫంక్షను మొదటి రెండు లైన్లు ఇలా, ఇదే వరుసలో ఉండాలి:

ఎఫ్.క్లియర్();
ఎఫ్.సీక్‌జీ(0);

తిరగేసి రాస్తే లాభం లేదు. ముందు సీక్ చేసి తర్వాత క్లియర్ కొడితే బిట్లు శుభ్రంగా ఉంటాయి గానీ పాయింటరు చివరే ఉంటుంది.

చదివే చోటు చెప్పే టెల్‌జీ మీద కూడా ఇదే దెబ్బ పడుతుంది. ఫెయిల్‌లో ఉన్న స్ట్రీముని టెల్‌జీ అడిగితే మైనస్ 1 ఇస్తుంది. దాన్ని పొజిషననుకుని లెక్కలో కలిపితే ఎక్కడికి పోతామో తేలదు. చివర్లో న్యూలైన్ లేని ఫైలుని గెట్‌లైన్‌తో చదివేవాళ్లకి ఇది ఇంకాస్త వింతగా కనిపిస్తుంది. ఆఖరి లైను చక్కగానే వస్తుంది, ఫెయిల్ ఉండదు. అప్పుడు టెల్‌జీ అడిగితే మైనస్ 1! కారణం, ఎండాఫ్ ఫైల్ బిట్టు మీద ఉండగా టెల్‌జీని పిలిస్తే ఆ పిలవడంతోనే ఫెయిల్ బిట్టు పడుతుంది. అడగడమే తప్పయిపోయినట్టు. సీ భాషలో ఎఫ్‌సీక్ ఇంత పేచీ పెట్టదు. సఫలమైతే ఎండాఫ్ ఫైల్ గుర్తు తనే చెరిపేస్తుంది. రివైండ్ అయితే ఎర్రరు గుర్తు కూడా చెరుపుతుంది.

ఇంకొక్క మాట. చదవడం నుంచి రాయడానికి, రాయడం నుంచి చదవడానికి మారే ప్రతిసారీ మధ్యలో ఒక సీక్ ఉండాలి. ఇది సీ స్టాండర్డులో ఉన్న నియమం, ఎఫ్‌స్ట్రీమ్ కూడా దాన్నే తెచ్చుకుంది. బఫరు (బైట్లు మధ్యలో ఆగే మెమరీ) ఒకటే కదా, దాంట్లో చదివినవి ఉన్నాయో రాయాల్సినవి ఉన్నాయో తేల్చుకునే చోటు ఈ సీక్. పోరడు వేరే కారణం చెప్పి ఇదే పని చేయించాడు, మంచిదే.

కాటా గుమాస్తా

గురువుగారూ, క్లియర్ పెట్టాక ఎన్ని తప్పు నంబర్లు కొట్టినా మళ్లీ దొరుకుతోంది. ఆయ్, ఇక అయిపోయిందనుకున్నాను. అవలేదండి.

ఇవాళ సాయంత్రం లిస్టు వేస్తే 4151 చీటీ కనబడలేదు. 4150 తర్వాత 4096 అని ఉంది, తర్వాత 4152. ఆ 4096 రికార్డులో లారీ నంబరు, గ్రాసు, టైము అన్నీ 4151వే, ఒక్క చీటీ నంబరే మారిపోయింది. మేము 4096 అనే చీటీ ఈ ప్రోగ్రాంలో ఎప్పుడూ వెయ్యలేదు. లిస్టు వేసేది ప్రతి రికార్డుకీ సీక్‌జీ చేసి చదివే లూపే. మెమరీ పాడైందా, హార్డ్ డిస్కు పోతోందా?

క్యూబికల్ జీవి

ఎస్‌క్యూలైట్ అని ఊరికే అనలేదు మరి 🙂

పాత టర్బో

డిస్కు జోలికి పోకండి. ఒక్క ప్రశ్న. మీ కాటా 10 కిలోల మెట్టు మీద చూపిస్తుందా? అలాగైతే 4150 లారీ ఖాళీ బరువు 8,970 గానీ 10,250 గానీ 11,530 గానీ అయ్యుండాలి. ఏది?

కాటా గుమాస్తా

10,250 అండి! పది చక్రాల బండి. మెట్టు కూడా 10 కిలోలే. మీరు మా కాటా దగ్గర ఎక్కడైనా నిలబడి చూస్తున్నారా ఏంటి?

నల్లగొండ పోరడు

సార్, నాకు రోమాలు లేచినయి. చెప్పుండ్రి జల్ది.

పాత టర్బో

మంత్రమేమీ లేదు. ఫైలు తెరిచేటప్పుడు బైనరీ అని పెట్టలేదు మీరు. పై పోస్టులో మూడు మోడ్‌లు చెప్పారు, అందులో అది లేదు. నేను అప్పుడే అడగాల్సింది, సరే.

విండోస్‌లో బైనరీ అనకుండా తెరిస్తే టెక్స్ట్ మోడ్. ఆ మోడ్‌లో మీరు 10 అనే బైటు రాసిన ప్రతిసారీ రన్‌టైము దాని ముందు 13 అనే బైటు చేరుస్తుంది, అది లైను చివర అనుకుని. అది లైనా, లారీ బరువా అని దానికి తెలీదు. లినక్సులో ఈ గొడవ లేదు, అక్కడ రెండు మోడ్‌లూ ఒకటే. అందుకే లినక్సు మీద రాసినవాళ్ల ఉదాహరణలు విండోస్ మీద ఇలా తన్నేస్తాయి.

ఇప్పుడు 10,250ని 256తో భాగించండి. 40 సార్లు పోయి 10 మిగులుతుంది. ఇంటెల్ మెషిన్లో కింది బైటు ముందు వస్తుంది, అంటే ఆ ఇంట్ ఫైలులోకి 10, 40, 0, 0 అని నాలుగు బైట్లుగా వెళ్లాలి. వెళ్లింది మాత్రం 13, 10, 40, 0, 0. నలభై బైట్ల రికార్డు నలభై ఒకటయింది. మీరు రాసేది ఫైలు మధ్యలో, అక్కడ చోటు పెరగదు, పక్కదాని మీదికి ఎక్కుతుంది. ఆ నలభై ఒకటో బైటు 4151 రికార్డు మొదటి బైటు మీద పడింది. పడిన బైటు ఏది? వెళ్లిన టైము 64 బిట్లది, దాని పై బైట్లన్నీ సున్నాలే, కాబట్టి చివరిది సున్నా. 4151 అంటే 16 సార్లు 256, పైన 55. ఆ 55 ఉన్న చోట సున్నా కూర్చుంది. మిగిలింది 16 సార్లు 256, అంటే 4096. ఆ నంబరు చూడగానే కింది బైటు ఎవరో తుడిచేశారని తెలిసిపోయింది. 10 కిలోల మెట్టులో 256తో భాగిస్తే 10 మిగిలే బరువులు 1,280కి ఒకటి చొప్పున వస్తాయి, లారీ ఖాళీ బరువుకి సరిపోయేవి ఆ మూడూ.

ఇంకా అదృష్టవంతులు మీరు. చీటీలు 4131తో మొదలెట్టారు. ఇలాగే నడిపితే 4362 చీటీ దగ్గర చీటీ నంబరులోనే 10 వచ్చేది. అది చివర చేర్చే కొత్త రికార్డు కాబట్టి ఫైలు ఒక బైటు పొడుగై, అక్కణ్నుంచి వచ్చిన ప్రతి రికార్డూ ఒక బైటు పక్కకి జరిగేది. మీరు 40తో హెచ్చించుకుంటూ ఎక్కడికి వెళ్లినా పక్కింటి తలుపు కొట్టడమే. టైములో కూడా ఇదే ప్రమాదం ఉంది. సెకన్ల లెక్కలో రెండో బైటు 10 అయ్యే సమయం 18 గంటల 12 నిమిషాలకోసారి వస్తుంది, వచ్చి 4 నిమిషాల 16 సెకన్లు ఉంటుంది. ఆ కాసేపట్లో కాటా ఎక్కిన ప్రతి లారీ పాడే.

చదివేటప్పుడు ఇంకో భూతం ఉంది, 26. టెక్స్ట్ మోడ్‌లో 26 అనే బైటు కనబడితే, అంటే కంట్రోల్ జెడ్, ఫైలు అయిపోయిందనుకుంటుంది విండోస్. ఇది సీపీఎం (డాస్ కంటే ముందటి ఆపరేటింగ్ సిస్టం) కాలం నాటి ఆస్తి. సీపీఎం డైరెక్టరీలో ఫైలు సైజు బైట్లలో ఉండేది కాదు, 128 బైట్ల ముక్కల లెక్కలో ఉండేది. టెక్స్టు ఆఖరి ముక్కలో ఎక్కడ ఆగిందో తెలియడానికి కంట్రోల్ జెడ్ పెట్టేవాళ్లు. డాస్ దాన్ని పట్టుకొచ్చింది, విండోస్ రన్‌టైము ఇంకా మోస్తోంది. టర్బో సీ రోజుల్లో నల్ల తెర మీద దీనితో నేను పడ్డ పాట్లు రాస్తే ఈ చర్చ చాలదు. మీ లెక్కలో 6,660 నుంచి 6,910 కిలోల దాకా ఏ బరువొచ్చినా రెండో బైటు 26. అలాంటి ట్రాక్టరు ఒకటి ఎక్కిందంటే లిస్టు అక్కడితో ఆగిపోతుంది, దాని వెనక లారీలేవీ లేనట్టే.

తెరిచే చోట ఇన్, అవుట్, బైనరీ అని పెట్టండి. చదివే చోట, రాసే చోట, మొదటిసారి ఉత్త అవుట్‌తో ఖాళీ ఫైలు చేసే చోట, అంతటా బైనరీ ఉండాలి.

కాటా గుమాస్తా

బైనరీ పెట్టానండి. పెట్టి లిస్టు వేస్తే గుండె ఆగినంత పనైంది. 4150 లారీ ఖాళీ బరువు 26,24,013 కిలోలట! నిన్నటిదాకా 10,250 అని చక్కగా చూపించింది కదా. పక్కనుండి ఓనరుగారు చూసి "ఈ లారీ ధాన్యానికి మనమే బాకీ పడ్డామా" అన్నారు.

పాత టర్బో

బాగుంది. అది నిజం చెప్పడం మొదలుపెట్టింది. నిన్నటిదాకా రాసేటప్పుడు చేర్చిన 13ని చదివేటప్పుడు తీసేస్తూ వచ్చింది, అందుకే 4150 మీకు బాగానే కనబడింది, దెబ్బ 4151లో కనబడింది. ఇప్పుడు ఫైలులో ఉన్నది ఉన్నట్టు చదువుతోంది. 13, 10, 40, 0. లెక్కెయ్యండి: 40 సార్లు 65,536, దానికి 10 సార్లు 256, దానికి 13. అదే 26,24,013.

బాగుచెయ్యడం సులువే. ముందు ఫైలు కాపీ తీసి పక్కన పెట్టండి. 4150 అంటే సున్నా నుంచి లెక్కపెడితే 19వ రికార్డు, ఫైలులో 760వ బైటు దగ్గర మొదలు. బైనరీలో తెరిచి 760కి సీక్ చేసి 41 బైట్లు ఒక అర్రేలోకి చదవండి. అందులో 20వ బైటు (ఇదీ సున్నా నుంచే లెక్క) 13 అవునో కాదో చూడండి. అవునంటే దాన్ని తీసేసి తర్వాతవి ఒక్కో అడుగు ముందుకు జరిపితే 40 మిగులుతాయి. మళ్లీ 760కి సీక్ చేసి ఆ 40 రాయండి. తర్వాత 800 దగ్గర ఒకే ఒక బైటు, 55, రాయండి. 4151 తిరిగొస్తుంది.

ఫైలు సైజు 40తో భాగించి చూస్తే తెలిసిపోతుంది కదా అని అనుకోవద్దు. మధ్యలో రాసిన రికార్డు పక్కదాన్ని తొక్కుతుందే గానీ సైజు మారదు. చివర చేర్చినదాంట్లో 10 వస్తేనే సైజులో తేలుతుంది. అయినా ప్రోగ్రాం తెరవగానే ఎండ్‌కి సీక్ చేసి టెల్‌జీని 40తో భాగించి శేషం చూడటం మంచిదే. కరెంటు పోయి సగం రికార్డు రాసిన రోజు అదే పట్టిస్తుంది.

కాటా గుమాస్తా

చేశానండి, 4151 వచ్చేసింది, 4150 బరువు దిగింది. ఒక అనుమానం. టేరు ముందున్నవి చీటీ నంబరు 4, లారీ నంబరు 11, గ్రాసు 4. కలిపితే 19. మీరు 20వ బైటు అన్నారు, అక్కడే 13 దొరికింది. ఎలా?

నల్లగొండ పోరడు

ఇది నేను చెప్తా సార్. అన్నా, 4కు 11 కలిపితే 15. గ్రాసు ఇంట్ కదా, అది నాలుగుతో భాగమయ్యే జాగలనే కూసుంటది. అందుకని కంపైలర్ 15 తర్వాత ఒక ఖాళీ బైటు వదిలి 16 కాడ పెడతది. టేరు 20 కాడ. నీ చేతి లెక్కకు మొత్తం 39, సైజాఫ్ 40 అన్నది అందుకే. చేత్తోని కూడకు, ఆఫ్‌సెటాఫ్ అడుగు, అదే చెప్తది. గది తెలిస్తే నువ్వు మొత్తం రికార్డు మళ్ల రాసే పని కూడ లేదు, రికార్డు మొదలుకు 20 కలిపి సీక్‌పీ చేసి టేరు నాలుగు బైట్లు, 32 కాడికి పోయి వెళ్లిన టైము 8 బైట్లు రాస్తే సరి.

ఫైలు పెద్దగైతే ఎట్ల అని భయపడకు. సీ భాషల ఎఫ్‌టెల్ లాంగ్ ఇస్తది, విండోస్‌ల లాంగ్ అంటే 32 బిట్లే, రెండు జీబీ దాటితే దెబ్బతింటది. నీ రికార్డుకు 40 బైట్లు, రెండు జీబీ నిండాలంటే 5 కోట్ల 36 లక్షల లారీలు రావాలె.

క్యూబికల్ జీవి

సరే బాబూ ఓడిపోయాను, బైట్లే లెక్కపెట్టుకోండి. కానీ రాస్తుండగా కరెంటు పోతే?

పాత టర్బో

ఈసారి తమ్ముడి మాట పూర్తిగా నిజం. ఫ్లష్ కొడితే బైట్లు మన బఫరు నుంచి విండోస్ చేతికి వెళ్తాయి, డిస్కు మీదికి చేరాయని హామీ కాదు. ఎస్‌క్యూలైట్ డిస్కు మీదికి చేర్చమని విండోస్‌ని అడుగుతుంది, సగంలో ఆగితే వెనక్కి తిప్పడానికి జర్నల్ రాసుకుంటుంది. ఒక కాటా, ఒక కంప్యూటరు, యూపీఎస్ ఉంటే ఈ ఫైలు చాలు. రెండో కాటా పెట్టి రెండు కంప్యూటర్లూ ఒకే ఫైలుని ముట్టుకునే రోజొస్తే మాత్రం డేటాబేస్ పెట్టుకోండి, అదీ ఎస్‌క్యూలైట్ కాదు, సర్వరు మీద నడిచేది.

కాటా గుమాస్తా

యూపీఎస్ ఉందండి. ఆఖరిగా ఒకటి అడుగుతాను, విసుక్కోకండి. చీటీ మీద రైతు పేరు తెలుగులో కావాలంటున్నారు. లారీ నంబరులాగే క్యార్ 30 పెట్టేస్తే చాలదా? తెరమీద పదమూడు అక్షరాల కంటే పెద్ద పేరు మా దగ్గర లేదు.

పాత టర్బో

చాలదు. యూటీఎఫ్ 8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. ఒత్తంటే పొల్లు, దాని వెనక హల్లు, రెండు గుర్తులు. గుడి, కొమ్ము, సున్నా అన్నీ వేరే గుర్తులు. "వెంకటేశ్వర్లు" తీసుకోండి: వ, ఎత్వం, సున్నా, క, ట, ఏత్వం, శ, పొల్లు, వ, ర, పొల్లు, ల, కొమ్ము. పదమూడు గుర్తులు, 39 బైట్లు, ఇంటిపేరు లేకుండానే. చివరి సున్నాకి చోటు వదలకుండా 30 దగ్గర కోస్తే ఈ పేరు "వెంకటేశ్వర" అని ఆగుతుంది, అదైనా కొంత నయం, 30ని మూడుతో భాగించవచ్చు కాబట్టి. ఇంటిపేరు కోసం ఒక చుక్క, ఒక ఖాళీ చేరాయంటే అవి ఒక్కో బైటు, కోత గుర్తు మధ్యలో పడి చివర ప్రశ్నార్థకం బొమ్మ అచ్చవుతుంది.

పేర్లకి వేరే ఫైలు పెట్టండి. ఇక్కడ మీ పాత అపెండ్ మోడ్ సరిగ్గా సరిపోతుంది, బైనరీ కలిపి, ఎందుకంటే పేరు ఒకసారి రాశాక మార్చే పని లేదు, చివర చేర్చడమే. రాసే ముందు ఎండ్‌కి సీక్ చేసి టెల్‌పీ అడగండి. తెరిచిన వెంటనే సీక్ చెయ్యకుండా అడిగితే కొన్ని చోట్ల సున్నా అంటుంది. వచ్చిన నంబరు కాటా రికార్డులో దాచండి, తర్వాత రెండు బైట్లలో పేరు పొడవు, దాని వెనక పేరు రాయండి. చీటీ అచ్చేసేటప్పుడు ఆ నంబరుకి సీక్ చేసి పొడవు చదివి, అన్ని బైట్లు తీసుకోవడమే.

దీనితో రికార్డు 48 బైట్లవుతుంది. పాత 40 బైట్ల ఫైలుని కొత్త ప్రోగ్రాంతో తెరిస్తే మొదటి రికార్డు తప్ప ఏదీ చోటున ఉండదు. పాతది 40 చొప్పున చదివి కొత్తది 48 చొప్పున రాసే చిన్న ప్రోగ్రాం ఒకటి చేసుకోండి. దాళ్వా ధాన్యం రాకముందే చెయ్యండి, లారీలు గేటు దాకా నిలబడ్డాక కాదు.

కాటా గుమాస్తా

మార్చేశానండి, 48 అయింది. 3,850 కిలోలు, 6,660 కిలోలు, 10,250 కిలోలు చేత్తో కొట్టి చూశాను, చీటీ నంబరు 4362, 4378 పెట్టి కూడా చూశాను. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, పక్క రికార్డులు కదల్లేదు. పేర్ల ఫైలు రేపు రాస్తాను. ప్రింటరు తెలుగు తీసుకుంటుందో లేదో ఇంకా చూడలేదు, డాట్ మ్యాట్రిక్సు. దాని గురించి వేరే ప్రశ్న పెడతాను.